మరువమోళ్ల ఐలమ్మ

నాచారంలో ఆషాఢం బోనాలకు ఎవరు ముందు నడవాలన్న పేచీ ఎన్నడూ రాలేదు. పటేలు ఇంటి బోనమైనా, పట్వారీ ఇంటి బోనమైనా మరువమోళ్ల ఐలమ్మ వెనకే. ఆమె నెత్తిన కుండ ఉండదు, దీపం ఉండదు. చేతుల్లో గుట్టమరువం కొమ్మ ఒకటి ఉంటుంది, అంతే. ఆ కొమ్మ పోచమ్మ ముందు పెట్టాకే తక్కిన బోనాలు గుళ్లోకి పోవాలి.

గుట్టమరువం అంటే పూలదండల్లో కట్టే మరువం కాదు. అది మడుల్లో పెరుగుతుంది, ఇది బండల నెర్రెల్లో పుడుతుంది. నడుమెత్తు పొద. కాండం తులసి కాడలాగే నాలుగు పలకలు. ఆకు మీద బూడిద చల్లినట్టు సన్నని నూగు. తొలకరి పడ్డాక కణుపు కణుపుకూ చుట్టూ చిన్న చిన్న ఊదా పూలు పూస్తాయి, ఒక్కో పువ్వూ పెదవి కిందికి వేలాడేసినట్టుంటుంది. చేయి తగిలితే ఆ వాసన పొద్దుగూకేదాకా వదలదు. నాచారానికీ మల్లాపూర్‌కూ నడుమ ఉన్న గుట్టల మీద తప్ప ఇంకెక్కడా దాన్ని చూడలేదని మేకలు కాసేవాళ్లు చెప్పేవాళ్లు. కాప్రా చెరువు దిక్కు వెతికినవాళ్లూ ఉత్త చేతులతోనే వచ్చారు.

కాప్రా నుంచి కోడలిగా వచ్చిన ఏడే ఐలమ్మను అత్త గుట్ట మీదికి తీసుకుపోయింది. కొమ్మ తెచ్చే రోజు ఒక్కపొద్దు ఉండాలి. కొడవలి ముట్టించకూడదు, చేత్తోనే తుంచాలి. ఇంకో మాట అత్త రెండుసార్లు చెప్పింది. "చెట్టు ఒక్కటే ఉంటె ముట్టకు. పక్కన ఇంకోటి కండ్లకు ఆనితెనే తుంచు. నా అత్త నాకు జెప్పింది, నేను నీకు జెప్తున్న."

అప్పుడు గుట్ట నిండా మరువమే. ఐలమ్మకు ఆ మాట నవ్వులాటగా అనిపించింది.

మొగుడు సాయిలు జ్వరంతో పోయాక ఆమె బతుకు మారింది. పెళ్లి పందిట్లోకి పిలుపు లేదు. బాలింతను చూడటానికి పోతే తలుపు దగ్గరే మాట్లాడి పంపేవాళ్లు. పొద్దున్నే బయటికి వస్తే ఎదురొచ్చేవాళ్లు ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్లు. ఆ ఏటి బోనాలకు పక్కింటి కిష్టమ్మ అనేసింది కూడా: "బొట్టు లేనామె ముందల నడుస్తె ఊరికి మంచిదా?"

పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. హక్కు ఇంటిది, బొట్టుది కాదన్నారు. ఐలమ్మ ముందే నడిచింది. ఏడాది పొడుగునా ఆమెను చూసి మొహం తిప్పుకున్న ముత్తైదువలంతా ఆ ఒక్క పూట ఆమె కోసం ఎండలో కుండలెత్తుకుని నిలబడ్డారు. అప్పటి నుంచి ఐలమ్మ ఒక ఆషాఢం నుంచి ఇంకో ఆషాఢానికి బతకడం నేర్చుకుంది.

ఆ తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. జొన్నచేలు కాంపౌండ్లయ్యాయి. పునాదులకూ గోడలకూ రాయి కావాలి. గుట్ట కాంట్రాక్టు బిక్షపతి తీసుకున్నాడు. వరసకు ఐలమ్మకు మరిది. మంచి మాటకారి, పెట్టే చేయి. ఐలమ్మ కొడుకు హనుమాండ్లుకు పని ఇచ్చింది కూడా ఆయనే. బండకు తూట్లు కొట్టి, మందు కూరి పేల్చే పని. ఆ కూలితోనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

"మరువం ఉన్న దిక్కు పేల్చకుర్రి బిడ్డా" అనేది అన్నం పెడుతూ.

"మందుకేమెరుక అమ్మా, మరువమేదో ముండ్లకంపేదో."

"మీ బిక్షపతికన్న జెప్పు."

"నువ్వే జెప్పు. నీకు మర్ది గద. నేను జెప్తె కూలోడు జెప్పినట్లుంటది."

చెప్పింది. బిక్షపతి చేతిలోని బీడీ పారేసి మరీ విన్నాడు. "నీ మరువం మీదికి నేను పోతనా వదినా? జర ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మనసులో ఉన్నదే అన్నాడు. కానీ మంచి రాయి ఎక్కడుంటే పని అక్కడికి పోతుంది. మరువం పుట్టేదీ ఆ మంచి రాతి నెర్రెల్లోనే. ఏటికేడు పొదలు పలచబడ్డాయి. ఐలమ్మ ఒకప్పుడు తలస్నానం తడి ఆరకముందే తెచ్చే కొమ్మకు ఇప్పుడు సగం పూట వెతుకులాట.

ఆ ఏడు గుట్ట వెనక వైపు ఒక పెద్ద గుండు చాటున పొద కనబడింది. నిండా పూసి ఉంది. తుమ్మెదలు ముసురుకుని ఉన్నాయి. ఐలమ్మ దాని పక్కన గుర్తుకు తన నీళ్ల చెంబు పెట్టి ఇంకోదాని కోసం బయల్దేరింది. మల్లాపూర్ వైపు దిగింది, మళ్లీ ఎక్కింది. కొట్టిన రాళ్ల కుప్పలు, తూట్లు పడ్డ బండలు, లారీ చక్రాల జాడలు. ఇంకో పొద లేదు.

తిరిగొచ్చి దాని దగ్గర కూర్చుంది. తుంచుకుని దిగిపోతే అడిగేవాడు లేడు. గుట్ట మీద ఎన్ని ఉన్నాయో ఆమెకు తప్ప ఎవరికీ పట్టదు. చేయి చాపింది కూడా. కొమ్మను వంచి వాసన చూసి వదిలేసింది.

బోనాల ముందు రోజు పోచమ్మ గుడికి సున్నం వేస్తున్నారు. ఊరంతా అక్కడే ఉంది. ఐలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"గుట్ట ఎనుక పెద్ద గుండు సాటున ఒక్కటే మిగిలింది. ఒంటి చెట్టును తుంచద్దని మా ఇంటి కట్టడి. ఈ ఒక్క ఏడు నన్ను ఉత్త చేతులతో నడవనియ్యుర్రి. దాన్ని గింజ రాల్చనియ్యుర్రి. మొలకలొస్తె మళ్ల నేనే తెస్త."

"ఉత్త చేతులూపుకుంట నడుస్తె బజారుకు వోయినట్లుంటదక్కా" అంది కిష్టమ్మ. నలుగురు నవ్వారు.

"మోండా మార్కెట్ల మరువం లేదా, ఏంది?" అన్నాడు సున్నం బకెట్ పట్టుకున్న పిల్లగాడు.

"అది గుట్టది గాదురా."

"అమ్మోరు అడుగుతదా, గుట్టదా మార్కెట్‌దా అని?"

ఐలమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. ఆ గుండు దిక్కు రాయి కొట్టొద్దని ఎవరైనా ఒక మాట అంటారని ఆమె ఆశ. ఎవరూ అనలేదు. అంతలో బిక్షపతి వచ్చాడు. సంగతి విన్నాడు. "మా వదిన హక్కు ఎట్ల పోతది? నేను సచ్చిన్నా?" అన్నాడు. అందరూ సరేనన్నారు. పని ఆపిస్తాడనుకుంది ఐలమ్మ. ఆ పూట చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నది.

మరునాడు తలస్నానం చేసి, ఉత్త చేతులతోనే వచ్చి వరస ముందు నిలబడింది. డప్పులు మొదలయ్యాయి. అప్పుడు రాళ్ల లారీ వచ్చింది, ముందు వేపమండలు కట్టుకుని. వెనక హనుమాండ్లు నిలబడి ఉన్నాడు. అతని చేతుల్లో పొద. కొమ్మ కాదు, పొద మొత్తం. వేర్ల నుంచి మట్టి రాలుతోంది.

బిక్షపతి లారీలోంచి దూకాడు. మొహం వెలిగిపోతోంది. "ఒక కొమ్మేంది వదినా, చెట్టుకు చెట్టే తెచ్చిన. ఇగ నిన్ను ఎనుకకు నిలవెట్టేటోడెవడో సూస్త."

ఐలమ్మ కొడుకు వైపు చూసింది. "ఇనుము ముట్టిచ్చిన్రా?"

"గడ్డపార లేకుంట బండల కెళ్లి ఎట్లొస్తదమ్మా? ఏరు తెగకుంట తీసినం సూడు."

వేరు తెగింది. తెగిన చోట తెల్లగా కనబడుతూనే ఉంది. హనుమాండ్లు చేతులు గీరుకుపోయి ఉన్నాయి. పొద్దున్నే లేచి తల్లి కోసం పడ్డ కష్టమది. మెచ్చుకుంటుందని చూస్తున్నాడు.

"అబ్బ, ఏం వాసన" అన్నారెవరో. కిష్టమ్మ నెత్తి మీది కుండ సర్దుకుని తనంతట తాను ఒక అడుగు వెనక్కి జరిగింది.

వద్దనవచ్చు. కానీ వద్దంటే ఎక్కడికి పోవాలి? వరస వెనక్కి, ఇంటి లోపలికి, ఎవరికీ ఎదురుపడకుండా. ఐలమ్మ చేతులు చాపింది. పొద బరువుగా ఉంది. పొట్టకు ఆనించుకుని నడిచింది.

ముందు నడిచే మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. అందుకని ఆమె చూడలేదు గానీ, వెనక నుంచి ఒక్కో చేయి రావడం తెలుస్తూనే ఉంది. ఒకరు కుండ మీదికని ఒక రెమ్మ, ఒకరు కొప్పులోకని ఒకటి, పిల్లల జేబుల్లోకి, డప్పుకు, పోతరాజు నడుముకు. ప్రతి తుంపుకూ కాండం కొద్దిగా ఊగేది. గుడి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతుల్లో మోడూ వేర్లూ మిగిలాయి. దాన్నే పోచమ్మ ముందు పెట్టింది.

తెల్లారి ఇల్లిల్లూ తిరిగింది. గడపలకు గుచ్చిన రెమ్మలు అడిగింది. వాడిపోయినవి దేనికక్కా అని నవ్వుతూనే ఇచ్చారు. ఒక్కో పువ్వూ విప్పి చూసింది. పిందె పట్టకముందే తెగినవి. ఎందులోనూ గింజ లేదు. గుడి నుంచి మోడును తీసుకుపోయి ఆ గుండు చాటు నెర్రెలోనే నాటింది. బండ పేలుస్తున్నాం, దూరం పొమ్మని గుట్ట మీది నుంచి కేకలు వేశారు.

హనుమాండ్లుతో ఆమె చాలా రోజులు మాట్లాడలేదు. తను ఏం తప్పు చేశాడో అతనికి చివరిదాకా తెలియలేదు. చెప్పబోయి ఆమే మానుకుంది. ఆ చెట్టు జాడ ఊరికి చెప్పింది తనే గదా.

మరుసటేడు బిక్షపతి పూలదండల మరువం కట్ట పంపించాడు, తడిగుడ్డ చుట్టి, జాగ్రత్తగా. "తావు నీదే వదినా" అని కబురు. ఐలమ్మ చాలాసేపు దాన్ని ముట్టలేదు. డప్పులు వినబడ్డాక లేచి పట్టుకుని పోయి ముందు నిలబడింది. గుళ్లో కట్ట దించుతుంటే వెనక నుంచి కిష్టమ్మ ఒంగి వాసన చూసింది.

"ఈసారి మంచిగ లేతగుందక్కా. యాడ దొరికింది?"

"కొన్నరంట" అని ఐలమ్మ కిష్టమ్మ బోనానికి దారి ఇచ్చింది.