నాగరత్న రాసిన 20.3

1964 వేసవి. హిందూపురంలోని ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరి నాలుగేళ్లయింది. లెక్చరర్లు క్లాసులో చెప్పిన పాఠాన్ని ల్యాబులో పిల్లల చేత చేయించడం నా పని. మా నాయనది పెనుకొండ బజారులో కిరాణా అంగడి. అంగట్లో పెరిగినవాణ్ణి కాబట్టి నోరు తెరిస్తే బేరమే. కూరగాయల దగ్గరే కాదు, పిల్లల మార్కుల దగ్గర కూడా ఆడేవాణ్ణి. అది దయ అనుకునేవాణ్ణి.

ఆ రోజు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం వాళ్లకు టైట్రేషన్ పరీక్ష. బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలోంచి ఆసిడ్‌ను చుక్కచుక్కగా ఫ్లాస్కులోని సోడా నీళ్లలోకి వదలాలి. అందులో కలిపిన ఇండికేటర్ పసుపు నుంచి నారింజకు తిరిగిన చుక్క దగ్గర ఆపి, ఆసిడ్ ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో రాయాలి. ఆ అంకెను బట్టే దాని బలం తేలుతుంది.

అంకె కోసం మా కాలేజీలో ఎవరూ అంత కష్టపడేవారు కారు. పొద్దుటి బ్యాచి బయటికి రాగానే తమకొచ్చిన అంకెను మధ్యాహ్నం బ్యాచి చెవిలో వేసేది. వీళ్లు లోపలికొచ్చి, బ్యూరెట్ తిప్పినట్టు తిప్పి, అదే రాసేవారు. మూడేళ్ల చదువు ఆ ఒక్క గుసగుసలో తేలిపోయేది. మాకందరికీ తెలుసు. ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు పొద్దుటి బ్యాచి అంకె 18.6. మధ్యాహ్నం బ్యాచిలో పంతొమ్మిది మంది అదే రాశారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, అంటే వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, పేపర్లు చూసుకుంటూ వచ్చి చివరి బల్ల దగ్గర ఆగారు. అక్కడ నాగరత్న ఉంది. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే ఇంటి అమ్మాయి. మూడుసార్లు చేసి, మూడుసార్లూ 20.3 అని రాసింది.

"పంతొమ్మిది మందికి ఒక లెక్క, నీకొక లెక్కా? రంగు కనపడనివాళ్లకు కెమిస్ట్రీ ఎందుకమ్మా?" అంటూ ఆయన సున్నా చుట్టబోయారు.

ప్రాక్టికల్ పోతే డిగ్రీ పోయినట్టే. డిగ్రీ చేతికొస్తే సొంత ఊరి బడిలో సైన్సు టీచరుగా తీసుకుంటామని ఆమెకు మాట ఇచ్చి ఉన్నారు.

నేను వెంటనే నా విద్య బయటికి తీశాను. ఎగ్జామినర్‌ను కిటికీ దగ్గరికి పిలుచుకుపోయి, రోజూ రైల్లో వచ్చి చదువుకున్న పిల్ల, రికార్డు శుభ్రంగా రాసింది, కనికరించమన్నాను. ఆయన ముప్పై మార్కులు అన్నారు. నేను నలభై అన్నాను. పాసుకు సరిపోయే ముప్పై ఐదు దగ్గర కుదిరింది. ఏదో గెలిచినట్టు వచ్చి ఆ సంగతి ఆమె చెవిన వేశాను.

ఆమె బ్యూరెట్ మీది చెయ్యి తీయలేదు. "నన్ను అడక్కుండా నా మార్కులకు బేరమాడినారా సార్? నాకు పాసు మార్కులు వద్దు. ఆ సీసాలో ఉండే ఆసిడ్‌ను మీరే ఒకతూరి చూడండి. రంగు తిరిగే చుక్క యాడ ఉండాదో నాకు తెలుస్తాది. మా ఇంట్లో రంగు ఒక చుక్క ఎక్కువైనా నూలంతా చెడిపోతాది."

సీసా అనగానే నాకు గుర్తొచ్చింది. పొద్దుటి ఆసిడ్ అయిపోతే, భోజనాల వేళ హడావుడిగా నేనే కొత్తది కలిపాను. బలం చూడలేదు. ఎగ్జామినర్ చేతిలోని జవాబు చీటీలో పాత అంకే ఉంది. మా నాయన మొదటి బేరానికి ముందు రోజూ ఖాళీ త్రాసు ఎత్తి ముల్లు చూసేవాడు. ఆయన కడుపున పుట్టి నేను చేసిన నిర్వాకం ఇది.

అందరి ముందే ఒప్పుకుని, టైట్రేట్ చేశాను. 20.2. నమ్మకం లేక ఎగ్జామినరూ చేశారు. 20.3.

"అయితే ఈ పంతొమ్మిది మందికి 18.6 యాడ నుంచి వచ్చింది సార్?" అని నాగరత్న అడిగింది.

మళ్లీ పరీక్ష పెడదామన్నాను. ఎగ్జామినర్ గొంతు తగ్గించి, "ఆసిడ్ కలిపింది మీరు. రిపోర్టు రాస్తే మొదట ఎవరి పేరు రాయాలో చెప్పండి" అన్నారు. మళ్లీ పరీక్ష మాట నేను వదిలేశాను. చూసి రాసిన ఆమెకూ, విని రాసిన పంతొమ్మిది మందికీ ఒకే మార్కులు పడ్డాయి. ఆ కాగితం కింద నా సంతకం ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది; ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ.

మరుసటేడు ఒక్కో బల్లకు ఒక్కో బలమున్న ఆసిడ్ కలిపి, ప్రతి సీసానూ నేనే రెండుసార్లు చూసి పెట్టాను. పరీక్ష మధ్యలో పిల్లలు ఒక్కొక్కరే నా చుట్టూ చేరి, ఏదో ఒక అంకె చెప్పమని, కనీసం దగ్గరిదైనా చెప్పమని బతిమాలారు.

నాకు బేరం రాదన్నాను.