వలలకి పట్టిన జిగురు

జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డాక మా బావ మాటలు మానేశాడు. బావంటే మా ఆయనే. మేనత్త కొడుకు, పెళ్ళయినా నా నోటికి ఆ పిలుపే అలవాటు. మిల్లులో మెకానిక్కు. ఆ మోతలో అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరికి వినబడేది. అలాంటి మనిషి గోడవేపు తిరిగి మంచం మీద పడుకుంటే నాకు ఒళ్ళు మండేది. "ఏటి బావా, మిల్లు నీ ఒక్కడికే మూసేసినారా?" అని ఓసారి అనేశాను కూడా. దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు. నాలుగు తిట్టినా బాగుణ్ణు.

ఆ వేసవిలో ఫోనులో ఏ వీడియో చూశాడో ఏమో, ఓ పొద్దున్నే గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. మా ఇల్లు విజయనగరం ఊరి చివర. నూతి పక్కన అరటి పిలకలు పెడదామని నేను దాచుకున్న జాగా ఉంది. సరిగ్గా అక్కడే గొయ్యి మొదలెట్టాడు. ఎందుకని అడిగితే ఫోను నా ముఖం ముందు పెట్టాడు. ఎర్రవీ, తెల్లవీ, మోచేతి పొడుగు చేపలు తేటనీళ్ళలో తిరుగుతున్నాయి. కోయి చేపలట, జపాను వాళ్ళు పెంచుకుంటారట. ఆ సంగతి కూడా ఫోనే చెప్పింది, ఆయన కాదు.

మా అత్త గట్టుమీద నిలబడి అంతా చూసింది.

"కూరకి పనికొస్తాయేటిరా?"

"రావు."

"మరేటికిరా?"

నడుం లోతు వచ్చేదాకా తవ్వుతూనే ఉన్నాడు.

భోగాపురం వేపు రొయ్యల చెరువుల్లో అడుగున పరిచే నల్ల షీటు ముక్క ఒకటి తెచ్చి గొయ్యిలో పరిచాడు. మూడు నీలం డ్రమ్ములు వరసగా నిలబెట్టి గొట్టాలు బిగించాడు. పంపు తోసిన నీళ్ళు మొదటి డ్రమ్ములోకి వెళ్ళి మడ్డి దింపుకుంటాయి. రెండో డ్రమ్ములో, బెస్తవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన పాత నైలాను వలలు కుక్కాడు. మూడోదాంట్లో ఆల్చిప్పలు. వాటి మీదుగా జారి నీళ్ళు మళ్ళీ గొయ్యిలో పడతాయి. ఇదంతా నేను చూసి తెలుసుకున్నదే. అడిగితే మాత్రం "ఉండు" అనేవాడు. ఆ ఒక్క మాటకే నేను సంబరపడిపోయేదాన్ని, సిగ్గులేకుండా.

నూతి నీళ్ళు నింపి చేపలు లేకుండానే రోజుల తరబడి పంపు తిప్పాడు. నీళ్ళు గోంగూర ఉడికినట్టు పచ్చగా అయిపోయాయి. కరెంటు బిల్లు దండగ అని నేను లోపల్లోపల గొణుక్కున్నాను. పచ్చదనం కొంచెం కొంచెంగా విరిగి, ఓ రోజు అడుగున షీటు మడతలు కూడా కనబడ్డాయి. అప్పుడు విశాఖపట్నం వెళ్ళి, గాలి నింపిన సంచుల్లో చేతి వేలంత చేపపిల్లల్ని తెచ్చి వదిలాడు.

ఆ రోజునించీ మంచం ఖాళీ. గట్టుమీదే టీ, గట్టుమీదే టిఫిను. ఓ సాయంత్రం వాటికి మేత వేస్తూ ఈల వేశాడు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని కదలకుండా నిలబడిపోయాను, చప్పుడు చేస్తే ఆపేస్తాడేమోనని. "తల్లీ, ఆ చేపల్ని సల్లగా సూడు" అని పైడితల్లికి మొక్కుకున్నాను. అవి బతికితే ఈ మనిషి బతుకుతాడు, వాటికేమైనా అయితే మళ్ళీ ఆ గోడే గతి. నాకు పట్టుకున్న భయం అదే.

పైడితల్లి సిరిమాను పండగ దగ్గరపడింది. మా అత్తకి పండగంటే కడగడం. అటకమీది ఇత్తడి దగ్గరనించి వీధి అరుగుదాకా దేన్నీ వదలదు. పండగ నాలుగు రోజులుందనగా బావ పీఎఫ్ పని మీద విశాఖపట్నం వెళ్ళాడు. నేను ముందుగదిలో పండగ జాకెట్లు కుడుతున్నాను. మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళేసరికి తీగ మీద వలలు ఆరుతున్నాయి, తెల్లగా, కొత్త వలల్లాగ.

"ఎంత జిగురనుకున్నావే, కంపు! బ్లీచింగు పొడర్లో నానబెట్టి పీకి ఉతికినాను. మల్లిపువ్వుల్లాగున్నాయి సూడు!" అంది అత్త. బ్లీచింగు వాసన పోయేదాకా జాడించి ఎండబెట్టానని కూడా చెప్పింది. కొడుకు పనికి సాయం చేశానని ఆవిడ ముఖం వెలిగిపోతోంది. మళ్ళీ డ్రమ్ములో కుక్కి పంపు వేసింది. నాకూ బాగానే ఉందనిపించింది.

పండగ ముందురోజు పొద్దున్న చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెక్కల్లో ఎర్రటి జీరలు. నెత్తిమీద ఎర్ర మచ్చ ఉన్న పెద్దది అప్పటికే పక్కకి ఒరిగి తేలుతోంది. బావ డ్రమ్ము మూత తీశాడు. తెల్లటి వల ఒకటి పైకి లాగి చూశాడు. గట్టుమీద కూలబడిపోయాడు.

అయిపోయింది, మళ్ళీ ఆ మంచమే అనుకున్నాను. కోపమంతా ఒక్కసారి నోటికొచ్చింది. "నీ కడుగుడు కాలిపోనూ! ఎవులు కడగమన్నారత్తా నిన్ను? అడిగి సావొచ్చు కదా!" అని అత్త మీద విరుచుకుపడ్డాను. ఆవిడ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ గుమ్మంలో అలా నిలబడిపోయింది.

"ఒసే! అమ్మనేటీ అనకు!"

వీధి చివరికి వినబడే గొంతు. నేను ఉలిక్కిపడ్డాను.

"అమ్మకి నేను సెప్పినానా? నీకు సెప్పినానా? ఏడాదయ్యి ఈ ఇంట్లో నేనెవులికైనా ఏటైనా సెప్పినానా?"

లేచి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గొయ్యి అంచున షీటుకి పట్టిన పాచి మీద ఆవిడ వేళ్ళు ఆనించాడు. "ఇది మురికి కాదే అమ్మా. సేపల ఉచ్చే సేపలకి విషం. ఆ విషాన్ని తినే పురుగులుంటాయి, కంటికి అగుపడవు. ఈ జిగురులోనే కాపురం. అవి రాడానికే అన్నాళ్ళు ఉత్తినీళ్ళు తిప్పినాను."

"అయ్యో నా తల్లే," అంది అత్త. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తరవాత బావ అరుస్తూనే ఉన్నాడు. చేద తే, ఉప్పు తే, మేత వెయ్యకండి. సగం నీళ్ళు పారబోసి, నూతి నీళ్ళు తోడి, గాలి కలిసేలా ఎత్తునించి పోశాం ముగ్గురం. అంచు పాచి గీకి వలలకి రాశాడు. అరిచిన ప్రతి అరుపుకీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పెద్దది పోయింది. మరి రెండు పోయాయి. మధ్యాహ్నానికి మిగతావి కిందకి దిగాయి.

అన్నాలకి కూర్చున్నాం. అత్త ముద్ద ముట్టలేదు. "బతికున్నవాటిని సంపేసినాన్రా," అంటోంది.

బావ కంచంలోకి చూస్తూ, ఇన్నాళ్ళూ మాకు చెప్పనిది అప్పుడు చెప్పాడు. మిల్లు మూసే రోజు మేనేజరు పిలిచాడట. మిషన్ల లైన్లన్నీ పద్ధతిగా ఆపాలి, నీకే తెలుసు కదా అన్నాడట. ఈయన రిపేరు కోసమనుకున్నాడు. వరసగా ఒక్కో స్విచ్చీ దింపుకుంటూ వచ్చాడు. పని వాళ్ళందరూ చూస్తున్నారు. ఆఖరుది ఆగాక గేటు బయటికి పొమ్మన్నారు.

"నా సేత్తోనే ఆపించినారే అమ్మా. నాకు తెల్లేదు."

అత్త కంచం పక్కకి జరిపి ఆ చెయ్యి పట్టుకుంది. ఎంగిలి చెయ్యి.

"నాకు మాత్రం తెలిసి కడిగినాన్రా?" అంది.

ఇద్దరూ ఏడ్చారు. నేను కంచాల మీద మూతలు పెట్టి, ఎవరూ రాకుండా వీధి తలుపు వేసి వచ్చాను.