టైపు సారు రూము, నా టెంపో

పుంగనూరులో మాది గుజిరీ అంగడి. పాత ఇనుము, పాత పేపర్లు, ఓటి బిందెలు, కాలిపోయిన మోటార్లు తూకానికి కొని, రాగి రాగికి, ఇనుము ఇనుముకి ఏరి లోడెక్కించే యాపారం. మా ఇంటాయన పోయినాక నేనే కూర్చున్నా. నాకు సంతకం వస్తాది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటా, అంతకి మించి సదువు లేదు. నేను సెప్తాండా, రాసేవాళ్ళు రాస్తాండారు. అక్షరాలు వాళ్ళవి, నోరు నాది. నా నోరు ఎట్లాంటిదో బస్టాండుకాడ ఎవురినడిగినా సెప్తారు.

రెండువేల సంవత్సరం దాటి రెండుమూడేండ్లయింటాది. ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టుకుంటాండే కాలం. ఆ పాతవన్నీ మాకాడికే వస్తాండె. నాకు వాటి మర్యాద ఏం తెలుసు? సుత్తి తీసుకొని పగలగొట్టేది, లోపల రాగి యాడుంటే ఆడ లాక్కునేది. ఒక ఆదివారం అట్లనే ఒక కీబోర్డు మోకాళ్ళ మధ్య పెట్టుకొని సుత్తి ఎత్తినా.

"అమ్మా! ఆపమ్మా! తల్లీ, ఆపు!" అని ఒక కేక.

ఎవురి కాలిమీదన్నా వేసేసినానేమో అని నా పాణం పోయినంత పనైంది. తలెత్తి సూస్తే తెల్ల సొక్కా, సంకలో గొడుగు, గుండె పట్టుకొని నిలబడుండాడు ఒక పెద్దాయన.

"ఏమైందప్పా?"

"దాన్ని కొట్టొద్దమ్మా."

"యాల? నీ సుట్టమా?"

"అంతకంటే ఎక్కువమ్మా," అన్నాడు. నవ్వులాటకి అనలేదు.

ఆయన మదనపల్లెలో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన సారు. ముందు టైపు మిషన్లు, తర్వాత కంప్యూటర్లు పెట్టి ఎంతమందికో నేర్పించినాడంట. పెద్ద పెద్ద సెంటర్లు వచ్చినాక ఈయనకాడికి ఎవురూ రాలేదు, మూసేసినాడు. మూసినాక ఊరుకున్నాడా? లోకమంతా పారేసిన కంప్యూటర్లు ఈయన ఏరుకొని బాగు చేసేదానికి కూర్చున్నాడు. మదనపల్లె గుజిరీలో కొంటే పెండ్లానికి తెలిసిపోతాదని బస్సెక్కి పుంగనూరు వస్తాండె. కొన్న సామాను సంచిలో అడుగున పెట్టి, పైన టమేటాలు పోసుకొని పోతాండె. మదనపల్లె టమేటాలకి ఎంత పేరు! ఆ ఊరాయన పుంగనూరునించి టమేటాలు మోసుకుపోతాంటే ఆ ఇంటామె నమ్మిందంటే, నేను నమ్మను. సూసీ సూడనట్టు ఉండింటాది.

ఇంకొకాయన కుప్పం అప్ప. గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేటాయన. ఆఫీసులో పాత కంప్యూటరు పారేస్తాంటే ఇంటికి తెచ్చుకున్నాడు, ఆడనించి పట్టుకుంది పిచ్చి. ఆదివారం రైలెక్కి బెంగుళూరులో పాత సామాన్ల సంతకి పోతాండె, అది లేని వారం నాకాడికి వస్తాండె. ఈయన సంచి కాదు, నాలుగు గిన్నెల క్యారియరు. పై గిన్నెలో సిత్రాన్నం, కింది మూడు గిన్నెల్లో మేకులు, తీగలు, నల్లగా, జెర్రికున్నట్టు కాళ్ళుండే చిప్పులు. ఒకసారి అవి సూసి, "ఇంట్లో ఇవే వండి పెడతారా అప్పా?" అంటే, "మా ఇంటిదాని కూరకంటే మెత్తగానే ఉంటాయక్కా," అన్నాడు.

ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఇద్దరూ వెతికేది ఒకే రకం కంప్యూటరు, ఒకే సామాను. "వస్తే ఎవురికీ ఇయ్యొద్దు, నాకే దాచు" అని ఇద్దరూ నా సెవిలోనే సెప్తారు. ఇద్దరు పెండ్లాల మొగుడు ఎట్ల బతుకుతాడో నాకప్పుడు తెలిసొచ్చింది.

ఒక ఆదివారం దొరికిపోయినారు. ఒక కంప్యూటరు డబ్బాని ఆ కొస సారు, ఈ కొస కుప్పం అప్ప పట్టుకొని మర్యాదగా లాక్కుంటాండారు.

"మీరు తీసుకోండి సార్."

"అబ్బే, మీరే తీసుకోండి."

నోటితో ఇస్తాండారు గానీ సేత్తో ఇద్దరూ వదల్లేదు.

"ఇద్దరూ వద్దులేండి, ఇట్లియ్యండి, పగలగొడతా," అన్నా.

అంతే, ఇద్దరూ ఒక్కటైపోయినారు. ఆడనించి ప్రతి ఆదివారం మా అంగడి వెనకాల గోడనీడలో గోనెసంచి పరుసుకొని కూర్చునేది. ఒకరు విప్పితే ఇంకొకరు తప్పు పట్టేది. "ఇది దానికి సరిపోదు సార్." "సరిపోతుంది, మీకు తెలీదు." నా జత కూలికి వచ్చేవాళ్ళు ఇట్ల పని సేసింటే సాయంత్రానికి ఒక బిందె కూడా ఏరలేరు.

ఒక గురువారం మిట్టమధ్యాన్నం సారు ఇంటామె వచ్చింది. మదనపల్లె బస్సు దిగి నేరుగా మా అంగడికే. వస్తానే తక్కెడ సూసింది, నన్ను సూసింది.

"మా ఆయన టమేటాలు కొనే అంగడి ఇదేనా?"

తక్కెడలో ఇనుము పెట్టుకొని ఏమని బొంకేది?

బోర్లించిన డ్రమ్ము తుడిచి కూర్చోబెట్టినా. నీళ్ళు తాగి మొదలుపెట్టింది. "మా ఇంట్లో వీధి వైపు రూమంతా ఆయన డబ్బాలే. ఇన్నేళ్ళలో ఒక్కటీ వెలగలేదు. ఇది దానికి కావాలంటాడు, అది దీనికి కావాలంటాడు. మొన్న ఒక డబ్బాలోంచి తేలు వచ్చింది."

"అయ్యో, కుట్టిందామ్మా?"

"లేదు. ఆ రూములో ఏదీ పనిచేయదు కదా, తేలు మాత్రం పనిచేస్తుందా?"

నాకు ఆయమ్మ శానా నచ్చింది.

"సోమవారం టెంపో తీసుకొని రా," అన్నింది. "ఆయనకి చెప్పేశాను. నువ్వు వచ్చేలోపల ఒక్కటంటే ఒక్కటి వెలిగించి చూపిస్తే, ఆ రూము గురించి ఆయనతో ఇంక ఈ జన్మలో నోరెత్తను. వెలక్కపోతే అన్నీ నీ తూకానికే."

టెంపో నిండా సామాను ఇంటికొచ్చి ఇస్తామంటే గుజిరీదానికి సంతోషం కావల్ల. కానీ ఆయమ్మ బస్సెక్కినాక నాకు బువ్వ సయించలా. మా ఇంటాయన కూడా ఒకటి కూడబెడతాండె, సైకిల్ డైనమోలు. గుజిరీలో వచ్చిందేదీ దాచుకోకూడదని ఊరందరికీ సెప్పేటాయన, డైనమో వస్తే మాత్రం తుడిచి, నూనె పెట్టి గోడకి తగిలిస్తాండె. గోడంతా అవే. నేను తిట్టని రోజు లేదు. ఆయన పోయిన నెలకి ఒకే పూటలో అన్నీ లోడెక్కించినా. మేకులు మిగిలినాయి. వాటికేం తగిలించల్లో తెలీక తువ్వాలు తగిలించినా. దాని గురించి తిట్టేదానికేముంటాది?

ఆదివారం ఇద్దరూ వచ్చినారు, మొకాలు సావింటికి వచ్చినట్టు. సారు కాడ ఒక కంప్యూటరుకి డబ్బా, తెర, కీబోర్డు అన్నీ ఉండాయి, లోపలుండే పెద్ద పలక కాలిపోయింది. బోర్డు అంటారు వాళ్ళు. అదే రకం బోర్డు కుప్పం అప్ప తెచ్చినాడు. కానీ దాని మీద ఒక సిన్న బ్యాటరీ పగిలి, దాని నీళ్ళు కారి, మూలంతా పచ్చగా తెల్లగా పూసిపోయింది. ఇద్దరూ భూతద్దం పెట్టి సూసినారు. నిట్టూర్చినారు.

"సచ్చిపోయింది సార్. బ్యాటరీ తినేసింది," అని కుప్పం అప్ప ఆ బోర్డుని నా తక్కెడలో వేసినాడు. "తూకంలో కలుపుకో అక్కా."

సారు, టెంపో ఎన్ని గంటలకి వస్తాదని మాత్రం అడిగినాడు. తర్వాత ఇద్దరూ హోటల్లో భోంచేసేదానికి పోయినారు. ఎంత దుఃఖమైనా మొగోళ్ళకి ఒంటిగంటకి ఆకలైతాది.

నేను ఆ పలక తీసి సూసినా. పచ్చగా పూసిందే, అది నాకు తెలీందా? కిలుము! ఇత్తడి బిందెకి, రాగి సెంబుకి పట్టే కిలుమే. దీనికి భూతద్దం యాల? పిడికెడు సింతపండు నానబెట్టి పులుసు తీసినా. పీచు ఆ సందుల్లోకి పోదు, నా పండ్ల బ్రష్షే తీసుకొని ఆ మూల మెత్తగా రుద్దినా. నురగ వచ్చింది, పచ్చదనం కరిగింది. కొళాయి కింద పెట్టి మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండుమిరపకాయల పక్కన గోడ మీద ఎండకి పెట్టినా.

భోంచేసి వచ్చినారు. ముందు సూసింది సారు.

"నీళ్ళు... నీళ్ళు పోశావా అమ్మా?"

"పోయకుండా ఎట్ల తోమేది సారూ?"

"తోమావా!"

కుప్పం అప్ప ఆ పలక తీసుకొని ఎండలో అటూ ఇటూ తిప్పినాడు. ఉన్నట్టుండి కండ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "సార్, ఈడ సూడండి," అన్నాడు. కిలుము పోయినాక కింద రాగి గీతలు తళతళ కనపడతాండాయి. వెంట్రుకంత సన్నం గీతలు. అందులో ఒకటి మధ్యలో తెగుండాది.

"ఒకటేనా?"

"ఒకటే సార్. ఇంతసేపూ దీన్ని కిలుము మూసేసింది."

భూతద్దం కోసం ఇద్దరూ మళ్ళా లాక్కులాడుకున్నారు. పగిలిన బ్యాటరీ కత్తిరించి పారేసి, దాని తావున టార్చిలైటు సెల్లులు కట్టినారు. తెగిన గీత మీద తల వెంట్రుకంత తీగ పెట్టి కుప్పం అప్ప ఈయం కరిగించి అతికించినాడు. అయినాక నన్ను మెచ్చుకునేదానికి నోరు రాక, "నిమ్మకాయైతే ఇంకా బాగుండు అక్కా," అన్నాడు.

"నువ్వు తూకంలో వేసినప్పుడు సెప్పిండల్ల అప్పా ఆ మాట," అన్నా.

సారు అప్పుడే తీసుకుపోతానన్నాడు, నేను ఇయ్యలా. తడి రవ్వంతున్నా కరెంటు తగిలితే కాలిపోతాదని వాళ్ళే అంటారు, మళ్ళా వాళ్ళే తొందరపడతారు. అదీ గాక టమేటాల కింద పెడితే? రేత్రంతా ఆరనిచ్చినా.

సోమవారం టెంపో మాట్లాడినా. డ్రైవరు అడిగినాడు, "అక్కా, వచ్చేటప్పుడు లోడా, ఖాళీనా?"

"పోయినాక తెలుస్తాది, నడుపు."

ముందర సీట్లో నేను, నా వొళ్ళో తువ్వాల్లో సుట్టిన పలక, పక్కన తొలి బస్సుకే కుప్పంనించి దిగిన అప్ప. గుంత వచ్చినప్పుడల్లా నేను పలకని ఎత్తి పట్టుకునేది, ఆయప్ప నా సేతులు సూసేది. పసిబిడ్డని కూడా నేనట్ల మోయలేదు.

మదనపల్లెలో సారు ఇంటి వాకిట్లో గోనెసంచులు మడిచి రెడీగా పెట్టింది ఆయమ్మ. రూములోకి పోయి సూస్తే నాకే కండ్లు తిరిగినాయి. నేల నుంచి అటక దాకా డబ్బాలే. మనిషి అడ్డంగా తిరిగి నడవాల్సిందే. గుజిరీ అంగడి నాదా, ఈయనదా?

పలక బిగించినారు. స్విచ్చి వేసినారు. లోపల ఫ్యాను గుర్రుమని తిరిగింది. తెర మాత్రం నల్లగా అట్లే ఉండాది. అందరం సూస్తాండాం. ఏమీ లేదు. వాకిట్లో డ్రైవరు టెంపో వెనక తలుపు దించిన సప్పుడు వినపడింది. సారు స్విచ్చి తీసేసి, ఆ సెయ్యి అక్కడే పెట్టుకొని నిలబడిపోయినాడు. ఆయమ్మ గోనెసంచి తీసుకుంది గానీ విప్పలేదు. ఆయన వీపు సూస్తాంది.

"ఉండండి సార్," అని కుప్పం అప్ప డబ్బాలో సెయ్యి పెట్టినాడు. "గుంతల్లో చిప్పులు లేచింటాయి." ఒక్కొక్కదాన్నీ బొటనేలితో వడ అదిమినట్టు అదిమినాడు. ఒకటి టక్కుమనింది. మళ్ళా స్విచ్చి వేసినారు. ఫ్యాను తిరిగింది. ఎంతసేపో. తర్వాత కీచుమని ఒక కూత, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు బిలబిల వచ్చేసినాయి, వరిమడి మాదిరి.

సారు కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శానాసేపు తుడుచుకున్నాడు.

ఆయమ్మ ముందుకొచ్చి వంగి సూసింది. "వెలిగింది సరే. ఏమంటుంది?"

"తేదీ అడుగుతోంది," అన్నాడు సారు.

"ఎవరిని?"

"మనల్నే. ఈరోజు తేదీ ఎంతో చెప్పమంటోంది."

"ఇన్నేళ్ళు మీరు దీనికి సేవ చేస్తే, లేచి ఇది మిమ్మల్ని తేదీ అడుగుతుందా? గోడ మీద క్యాలెండరు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు."

డ్రైవరు కూడా నవ్వినాడు. కానీ ఆయమ్మ మాట మాటే. గోనెసంచులన్నీ ఎత్తి టెంపోలో వేసి, "ఇవి నీకే, తీసుకుపో," అన్నింది నాతో. అంతే నాకొచ్చిన లోడు.

కుప్పం అప్ప తల గోక్కుంటా నిలబడినాడు. "సార్, బోర్డు మాత్రం నాదే కదా," అన్నాడు.

"నువ్వు తూకంలో వేసినావప్పా. అది నాది," అన్నా. "నేను సారుకిచ్చినా."

"అంతే అంటావా అక్కా." రూమంతా ఒకసారి సూసినాడు, వాకిట్లో టెంపోని ఒకసారి సూసినాడు. "అట్లయితే ఒక పని సేద్దాం. టెంపో ఎట్లా ఖాళీనే కదా. కుప్పం దాకా పోయొస్తే నా సామాను కూడా ఈడికే తెచ్చేస్తా. మా ఇంటిదీ తిడతానే ఉండాది. ఇద్దరిదీ ఒక తావుంటే వెతుక్కునే పనుండదు. ఏం సార్?"

సారు పెండ్లాం మొకం సూడకుండా తలూపినాడు.

ఆయమ్మ నోరు తెరిచింది. మళ్ళా మూసేసింది. నన్ను సెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయింది.

"రూము గురించి నోరెత్తనని ఆయనకి చెప్పాను," అన్నింది, కాఫీకి పాలు పొయ్యి మీద పెడతా. "నీకు చెప్పలేదు. కూర్చో."

కూర్చున్నా. పాలు పొంగి, కాఫీ కలిపి, తాగి, గ్లాసులు కడిగేదాకా నన్ను తిట్టింది. ఎంత బాగా తిట్టిందో! అంత కమ్మగా తిట్టేవాళ్ళు మా పుంగనూరులో లేరు. అవతల రూములో ఇద్దరూ తేదీలో ముందు నెల కొట్టల్లా, రోజు కొట్టల్లా అని కొట్లాడుకుంటాండారు.