సైకిళ్ళ మీద పారిపోదామనుకున్నాం

ఇప్పుడు వాటిని గ్రావెల్ బైకులంటున్నారు. కంకర దారుల మీద తొక్కడానికే ప్రత్యేకంగా చేస్తారట. మా రోజుల్లో ప్రత్యేకత ఏదన్నా ఉంటే అది తొక్కేవాడిదే. నా సైకిలు టైర్లు లావు, నేను అంతకన్నా లావు. ఇద్దరం కలిసి కంకరని పిండి చేసుకుంటూ పోయేవాళ్ళం.

అప్పట్లో హుఫూఫ్‌లో ఉద్యోగం. సౌదీలో కాలవలేమిటి, గుట్టలేమిటి అని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఊరు దాటితే చాలు, ఖర్జూర తోటల మధ్య ఎటు చూసినా సిమెంటు కాలవలే. వాటి పక్కన, తూములు చూసుకునేవాళ్ళ బళ్ళు తిరగడానికి వేసిన కంకర బాట. తోటలు అయిపోయేచోట ఖారా గుట్ట, దాని కడుపులో చల్లటి గుహలు. నాది గోదావరి డెల్టా. కాలవ గట్టు మీద సైకిలు నేర్చుకున్నాను, అదే కాలవలో పడి ఈత నేర్చుకున్నాను. నాతో తొక్కే మిత్రుడిది కడప. రాళ్ళగుట్ట కనిపిస్తే ఆయన కాళ్ళు ఆగవు. ఒకే కంపెనీ, ఒకే మెస్సు. ఇద్దరి భార్యాపిల్లలూ ఇండియాలోనే. శుక్రవారం పొద్దున్నే బయల్దేరేవాళ్ళం. గట్టు మీద నేను ముందు, గుట్ట ఎక్కేటప్పుడు ఆయన ముందు. దిగేటప్పుడు ఎవరు ముందన్నది నా బ్రేకుల దయ.

అలా ఉండగా ఇరాక్ వెళ్ళి కువైట్ మీద పడింది. మెస్సులో పప్పుకన్నా పుకార్లు ఎక్కువగా ఉడికేవి. రేపే బాంబులు పడతాయని ఒకరు, అమెరికావాళ్ళు ఉండగా ఎందుకు పడతాయని ఇంకొకరు. కంపెనీ మాకు విషవాయువుల మాస్కులిచ్చింది, పాస్‌పోర్టులు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. మొహం జాగ్రత్త, మిగతాది మేం చూసుకుంటాం అన్నట్టు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం, గుహలో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతుంటే, మా కడపాయనకి ఆ ఆలోచన వచ్చింది.

"యుద్ధమొస్తే కార్లన్నీ హైవే మీద నిలబడి హారన్లు కొట్టుకుంటా ఉంటాయబ్బా. మనం కాలవ గట్టెంబడి జారుకుంటాం."

ఆయన పుల్లతో ఇసకలో గీసి చూపించాడు. కాలవ వెంట తోటలు దాటడం, గుట్ట వెనకనించి చుట్టు తిరిగి తోటల అవతలి మట్టిదారి పట్టుకోవడం, అక్కణ్ణించి రియాద్ రోడ్డు మీద ఏదన్నా పెట్రోలు బంకు దగ్గర తేలడం. ఆ తర్వాత దేవుడున్నాడు, లారీలున్నాయి. నాకు ఆ పథకంలో ఎక్కడా కంత కనిపించలేదు. ఇంజనీర్ని కూడానూ. పోతే ఇద్దరం పోదాం, ఉంటే ఇద్దరం ఉందాం అని నేనే ముందు అన్నాను. అంతే గదా మరి, అన్నాడాయన.

ఇక ప్రతి శుక్రవారం రిహార్సలే. నేను క్యారియరు మీద బియ్యం, మాస్కు, దుప్పటి కట్టుకుని గుట్ట ఎక్కడం సాధన చేశాను. పైకి చేరేసరికి మాస్కు లేకుండానే ఊపిరి ఆడేది కాదు. ఆయన సామాను కట్టుకునేవాడు కాదు. సమయం వచ్చినప్పుడు కట్టుకుంటే సరిపోతుందని అనేవాడు. అనుభవం ఉన్నవాడు కదా అనుకున్నాను, ఆయనకి యుద్ధాల అనుభవం ఎక్కణ్ణించి వస్తుందో ఆలోచించకుండా.

జనవరి వచ్చింది. రేపో మాపో అంటున్నారు. మాకు తెలిసిన హైదరాబాదీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. అతని కఫీలు, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని, తన సామానంతా వ్యానుకెత్తించి జెద్దా పంపిస్తున్నాడు. మిసైళ్ళు అంతదూరం రావని అందరి నమ్మకం. డ్రైవరు నా గదికొచ్చాడు.

"ముందటి సీటు ఒక్కటే ఖాళీ ఉంది సార్. మీ కోసమే ఆపిన. పొద్దుగాల పోతున్న, పాస్‌పోర్టు లేకున్నా నడుస్తది, ఇకామా కాయితం పట్టుకొని వస్తే చాలు."

ఒక్క సీటే. వద్దంటే మళ్ళీ ఎవరూ అడగరని తెలుసు. అయినా, నాతోపాటు ఇంకొకాయన ఉన్నారండీ, ఆయన్ని వదిలి రాలేను అని చెప్పేశాను. అతను నన్నొక వింతజంతువుని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

నోరు ఊరుకోదుగా. ఆ సాయంత్రమే మిత్రుడికి చెప్పాను. సీటు వచ్చిందనీ, మీకోసం వద్దన్నాననీ. మెచ్చుకుంటాడని ఆశ, దాచడమెందుకు. మెచ్చుకున్నాడు కూడా. మంచి పని జేసినావబ్బా, అని నా భుజం తట్టాడు. వ్యాను ఏ గేటు దగ్గర ఆగుతుందని అడిగాడు. చెప్పాను.

మర్నాడు ఆయన డ్యూటీకి రాలేదు. గదిలో ఆయనతో ఉండే కుర్ర ఇంజనీరు, బ్యాగు పట్టుకుని తెల్లారేసరికే వెళ్ళిపోయాడండీ అన్నాడు. ఇంటి దగ్గర ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది, లేకపోతే చెప్పకుండా వెళ్ళే మనిషి కాదు అని మెస్సంతా తిరిగి నేనే సర్దిచెప్పాను. ఆయన తరఫున అంత బాగా ఆయన కూడా వాదించుకోలేడు.

ఆ శుక్రవారం మేం ఎప్పుడూ కలుసుకునే తూము దగ్గరికి వెళ్ళాను. పొగమంచులో ఖర్జూరచెట్లకి తలలున్నాయి, కాళ్ళు లేవు. మాస్కు హ్యాండిలుకి వేలాడేసి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో చెప్పలేను. ఎండెక్కాక గదికి వచ్చేశాను. యుద్ధం మొదలైంది. సైరన్లు మోగితే అందరితోపాటు మాస్కు తగిలించుకుని, అందరితోపాటు భయపడ్డాను. ఏ కాలవ గట్టుకీ పోలేదు. రెండో మనిషి లేకపోతే ఆ పథకం ఎంత పిచ్చిదో నాకే తెలిసొచ్చింది.

డ్రైవరు జెద్దా నుంచి తిరిగొచ్చాడు. దుకాణంలో కనపడి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ అసొంటి మనిషిని చూడలే సార్. మీ సీటు దోస్తుకిచ్చి మీరీడనే ఉన్నరు. మీరే పంపిన్రని చెప్పి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు."

అతనికి నిజం చెబుదామని నోరు తెరిచాను. కానీ అంత గొప్పవాణ్ణి నన్ను ఎవరూ చేయలేదు అప్పటిదాకా. అవునన్నట్టు తలూపి రొట్టెలు కొనుక్కున్నాను. సీటు తీసుకోవడం ఒక ఎత్తు, నా మంచితనాన్ని టిక్కెట్టుగా చూపించడం ఒక ఎత్తు.

యుద్ధం ముగిశాక మా కడపాయన తిరిగొచ్చాడు. కువైట్‌లో నూనెబావులు ఇంకా కాలుతున్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు ఉతికిన బట్టల మీద మసి వాలేది. శుక్రవారం పొద్దున సైకిలు బెల్లు మోగించుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు, గుట్ట దాకా పోదాం పా అంటూ. వెళ్ళాను. దారిపొడుగునా జెద్దా చేపల గురించి చెప్పాడు. గుట్ట ఎక్కి ఆగాక, రొప్పు తగ్గిందాకా ఉండి అడిగాను.

"నేను పంపించానని చెప్పారటండీ?"

ఆయన తొణకలేదు.

"నువ్వెట్లాగూ ఎక్కనంటివి. ఖాళీగా పోతాది గదా అని ఎక్కినా. ఊరికే ఎక్కించుకుంటాడా, అందుకే నీ పేరు చెప్పినా."

"మరి మన దారి?"

నావైపు తిరిగి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సైకిళ్ళ మీద యుద్ధం తప్పించుకోడమేందబ్బా? అదంతా నువ్వు నిజమనుకున్యావా?"

ఆ ఆశ్చర్యంలో వెటకారం ఒక్క పిసరు ఉన్నా బాగుండేది. కోపం తెచ్చుకునేవాణ్ణి. లేదు. ఇన్ని శుక్రవారాలు ఆయన ఆటాడుకున్నాడు, నేనొక్కణ్ణే దాన్ని బతుకనుకుని బియ్యం మోశాను. గట్టు మీద వెనక్కొచ్చేటప్పుడు మామూలుగానే మాట్లాడాడు, మామూలుగానే ఊకొట్టాను. కాలవలో నీళ్ళ మీద సన్నటి నల్లటి తెట్టు కదులుతోంది.

తర్వాతి వారంనుంచి నేను గురువారం మధ్యాహ్నం తొక్కడం మొదలెట్టాను. ఆ పూట ఆయనకి డ్యూటీ. ఒక్కణ్ణే గుట్ట ఎక్కేటప్పుడు ముందు ఎవరి వీపూ కనపడక, ఎంత ఎక్కానో తెలిసేది కాదు. ఆయన మెస్సులో అందరి దగ్గరా బాధపడ్డాడు. ఇన్నేళ్ళు కలిసి తొక్కి, ఒక్క మాటన్నా చెప్పకుండా వదిలేసిండాడని. అందరూ అయ్యో అన్నారు. భోంచేస్తుంటే ఒక పెద్దాయన నా పక్కకి జరిగి, అంత స్నేహితుణ్ణి అలా నడిమధ్యలో వదిలెయ్యడం న్యాయమా అని నెమ్మదిగా మందలించాడు.

గురువారాలు ఎండ తక్కువండీ, అన్నాను. ఎవరూ నమ్మలేదు.