అక్క రక్తపరీక్ష

మొన్న ఆర్మూరులో షుగర్ చూపించుకుందామని ల్యాబుకు పోతే, పక్క కుర్చీలో ఒక తల్లి, ఫిట్స్ వస్తున్న తన బిడ్డకు మెదడులో పురుగుందేమో తేల్చే పరీక్ష చేయిస్తున్నది. గొంతు తగ్గించలేదు, ఎవరినీ చాటుకు పిలవలేదు. చూసి సంతోషపడాలి గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళ కోపం అది, పోయిన మా నాయిన మీద, బతికున్న నా మీద.

అప్పట్లో నేను ఆ ఊళ్ళోనే ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. నాయినది పసుపు యార్డులో కమీషన్ దుకాణం. మాది కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. అక్కకు ఉన్నట్టుండి ఫిట్స్ మొదలైతే గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, చేతిలో తాళాలగుత్తి పెట్టి, చివరికి నా పోరు పడలేక నిజామాబాదు తీసుకుపోయారు. మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉండొచ్చు, రక్తంలో దాని యాంటీబాడీలు ఉన్నాయేమో హైదరాబాదుకు పంపి చూడండి, అదే అయితే మందులున్నాయి అన్నాడు డాక్టరు. అది పందిమాంసం పురుగని ఎవరో నాయిన చెవిన వేశారు.

అక్క రక్తం నేనే తీశాను. సీరం వేరుచేసి, ఐసు ముక్కల మధ్య ఫ్లాస్కులో పెట్టి బస్టాండుకు పోతే, ధోతి మీద పసుపు దుమ్ముతోనే నాయిన ఎదురొచ్చాడు.

"పంది తినెటోళ్ళ రోగం మనింట్ల ఎట్లుంటదిరా? గీ సంగతి బయటపడితే యార్డుల నా మొఖం ఎవడన్న చూస్తడా?"

తిన్నవాళ్ళకే కాదు, ఎవరి చేతి మురికి నుంచో, కడగని కొత్తిమీర నుంచో ఆ గుడ్లు ఎవరి కడుపులోకైనా పోతాయని చదువుకున్నవాణ్ణి నేను. చెప్పాను కూడా, గొణిగినట్టు. ఆయన చెయ్యి చాపాడు. లాక్కోలేదు, ఫ్లాస్కు నేనే ఇచ్చాను. తండ్రికి ఎదురుచెప్పని ఆ రోజులను మా ఈడువాళ్ళు ఎంత మురిపెంగా తలుచుకుంటారో! ఆ మర్యాద మంటగలవ!

అక్కకు మాత్రం పంపానని చెప్పాను. అన్నం వడ్డిస్తూ వారం వారం అడిగేది, రిపోర్టు వచ్చిందా తమ్మీ అని. ఇంకా రాలేదనేవాణ్ణి. ఎండాకాలం రాకముందే, నీళ్ళ తొట్టి దగ్గర ఫిట్స్ వచ్చి అందులోనే బోర్లా పడింది. ఎవరూ చూడలేదు. మేం చూసేసరికే అంతా అయిపోయింది.

ఇప్పుడు రిపోర్టు ఫోన్లోకే వచ్చి పడుతుంది. ఒక్క రోజు ఆలస్యమైతే జనం ల్యాబువాళ్ళతో తగువుకు దిగుతున్నారు. అక్క నాతో ఒక్కనాడూ తగువు పడలేదు.

"అంత దూరంకెల్లి రావాలె గద, జర ఆలస్యమైతదిలే తమ్మీ" అని నాకే ధైర్యం చెప్పేది.