మేడ గది చీటీలు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను విరుదునగర్‌లో, మా ఆఫీసు గోదాములో, మిరపకాయ బస్తాల మధ్య నిలబడి ఉన్నాను. "మామ పోయినాడప్పా. కాపీ తాగతా తాగతా అట్నే ఒరిగిపోయినాడు. బయిలెల్లి వచ్చెయ్యి," అంది. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పకుండా దాటేస్తే ఇదంతా రాయడమే దండగ. ఈ ఆదివారం మామ ఊరు కోవిల్‌పట్టి పోనక్కర్లేదు అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నాకే బస్తాలు దాటుకుని బయటికి నడిచాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. నన్ను పేరుతో పిలిచింది గుర్తు లేదు, అల్లుడూ అనేవాడు. మా ఇళ్ళలో తెలుగు నోటి భాషే, రాత భాష కాదు. గుంటూరు నుంచి సరుకు తెప్పించే ఆఫీసులో పని కాబట్టి అక్కడివాళ్ళ చీటీలు, మెసేజీలు చదవడానికి నేను అక్షరాలు నేర్చుకున్నాను. అవి మామ గురించి రాయడానికి పనికొస్తాయని అప్పుడు తెలియదు.

మామ బెంగళూరులో బీరు కాచేవాడు. సొంతంగా బీరు తయారుచేసి అక్కడికక్కడే పోసే హోటళ్ళు ఆ ఊళ్ళో అప్పుడప్పుడే మొదలయ్యాయి, అలాంటి ఒకదాంట్లో పులియబెట్టే గది ఆయన చేతిలో ఉండేది. కోవిల్‌పట్టిలో పల్లీ మిఠాయి పట్టడ, అంటే చిన్న కార్ఖానా, నడిపే ఆయన అన్న హఠాత్తుగా చనిపోయాడు. పదహారో రోజు కర్మకని వచ్చిన మామ పన్నెండేళ్ళు ఉండిపోయాడు. ముసలి తల్లి, వదిన, చదువుకునే పిల్లలు, పట్టడలో పదిమంది ఆడవాళ్ళు, అందరూ ఆయన ముఖం వంకే చూశారు. నెల రోజులు బ్యాగు విప్పలేదట. అత్త బెంగళూరు నుంచి సామాను వేసుకుని వచ్చాక విప్పాడు. ఎందుకు తిరిగి పోలేదని నేను ఒకసారి అడిగితే, "పొయ్యి మీద పాకం ఉండంగా ఎవురన్నా బస్సెక్కుతారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

పట్టడ మీద ఒక గది ఉంది. బెల్లానికి ఈగలు, తేనెటీగలు ముసురుతాయని దాని కిటికీకి ఎప్పుడో చెక్క కొట్టేశారు. ఫ్యాను వేస్తే వేడి గాలి, ఆపితే ఉడుకు. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ఆ గది తలుపు లోపల గడియ పడేది. లోపల నలుగురం. మామ, నేను, లారీ ఆఫీసు అన్న, పళ్ళ డాక్టరు. పిల్లలు తినే మిఠాయి కట్టేవాడు బీరు తాగుతాడని ఊళ్ళో తెలిస్తే ఇక ఆ సరుకు ఎవరూ ముట్టుకోరని మామకు భయం. కింద పనిచేసే ఆడవాళ్ళకు తెలుసు. తెలియనట్టు ఉండడం వాళ్ళ మర్యాద.

తాగుడు అనుకోకండి. ఒక్కొక్కరికి రెండు మూడు చిన్న స్టీలు గ్లాసులు, గ్లాసుకు నాలుగు గుక్కలు. లారీ ఆఫీసు అన్న బెంగళూరు పక్షం. అక్కడ కొత్త కుర్రవాళ్ళు కాస్తున్న బీరు ముందు ఫారిన్ సరుకు బలాదూర్ అనేవాడు. పళ్ళ డాక్టరుది పరదేశ పక్షం. మదురైలో పెద్ద షాపుకు పోయి బెల్జియం గోధుమ బీరు, జర్మనీ నల్ల బీరు పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవాడు. ఇద్దరి మధ్యా తీర్పు మామది. ఆయన చెబితే గాని ఎవరూ గెలిచినట్టు కాదు.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. గ్లాసు దించాక ఎవరూ పెదవి విప్పకూడదు. మిఠాయి చుట్టే కాగితం ముక్క మీద, పైన బీరు పేరు వేసి, కింద తనకు తోచింది రాసి, మడిచి పల్లీల డబ్బాలో వెయ్యాలి. అందరూ వేశాకే మాట. "నోటికన్నా ముందు చెయ్యి జెప్పల్ల," అనేవాడు మామ. "ఒకడు నోరు తెరిస్తే మిగిలినోళ్ళ నాలిక సచ్చిపోతాది. ఇంకోడి నాలికతో తాగేదానికి ఈడికి ఎందుకు రావల్ల?" గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ఒక దోసకాయ ముక్క నమలాలి. అవి నేను వచ్చే దారిలో సాత్తూరులో బస్సు కిటికీ దగ్గర కొనాలి. అదే ఊళ్ళో అమ్మే కారపు చేగోడీలు, కారాసేవు గదిలోకి తేకూడదు.

ఆయన రాసే మాటలు ఏ పుస్తకంలోవీ కావు. ఒక బీరు చక్కెరకేళి తొక్క వాసన అనేవాడు. ఒకటి మాడబోయే ముందు బెల్లం, ఒకటి వేపపువ్వులో కమలా తొక్క నలిపినట్టు. వింటుంటే మా గ్లాసుల్లో కూడా అవన్నీ కనిపించేవి. అంతెందుకు, మాతో మాట్లాడుతూనే కింద పాకం వాసన పట్టి, తలుపు సందులో నుంచి "దించండి" అని కేకేసేవాడు. సరిగ్గా ఆ క్షణానికే అది దించాల్సి ఉండేది.

నాలుగేళ్ళ కిందట ఊరంతా పడకేసిన ఆ కరోనా జ్వరాల్లో మామ కూడా పడుకుని లేచాడు. లేచాక మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. రెండు సంగతులు మారాయి. ఆయన "దించండి" అని కేకెయ్యడం మానేశాడు. చీటీలేమో తానే డబ్బాలోంచి తీసి, అన్నీ పైకి చదివి, తన చీటీ చివర చదవడం మొదలుపెట్టాడు. పెద్దరికం అనుకున్నాం.

ఆ ఎండాకాలం లారీ ఆఫీసు అన్న తెప్పించిన సీసా ఒకటి లారీ క్యాబిన్‌లోనే మూడు రోజులు ఉడికిపోయింది. ఆయనకు అది తెలియదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది నాకు. అదే రాశాను. చెడిపోయింది అని కూడా రాశాను. మిగిలిన ఇద్దరూ మొహమాటపడో ఏమో, బాగుందని రాశారు. మామ మూడు చీటీలూ విప్పి చాలాసేపు చూశాడు. కళ్ళెత్తి నా వంక చూశాడు. ఆయన ముఖంలో నేను అంతకు ముందెప్పుడూ చూడని బెదురు కనిపించింది. తర్వాత తన చీటీ తీసి, "తడిసిన అట్టపెట్టె. ఎండకి పోయింది ఇది," అని చదివాడు. లారీ ఆఫీసు అన్న లెంపలేసుకున్నాడు.

అచ్చు నా మాటలే రావడంతో, ఆయనకు వాసన తెలియడం పోయిందని, నా చీటీలోదే తన చీటీలోదిగా చదివాడని నాకు అప్పుడే అర్థమైంది. చెప్పొచ్చు. చెబితే వాళ్ళిద్దరూ జాలిపడతారు, నాలుగు వారాలు పలకరించి వెళ్తారు, ఆ తర్వాత సీసాలు రావడం ఆగిపోతుంది. వాసన తెలియనివాడి తీర్పు కోసం మదురై దాకా ఎవరు పోతారు? ఆ గది తప్ప ఆయనకు ఊళ్ళో ఊపిరాడే చోటు లేదు. అందుకే నోరు మూసుకున్నాను.

అక్కడి నుంచి నా మెడకు తాడు పడింది. నేను రాకపోతే ఆయన తీర్పు లేదు. ఒక ఆదివారం మా పాపకు ఒళ్ళు వెచ్చబడి పోలేకపోతే, మామ తలనొప్పి అని చెప్పి ఆ రోజు సీసా తెరవనే లేదట. ఆ తర్వాత నేను మానలేదు. పెళ్ళిళ్ళు మానుకున్నాను. గుంటూరు ఆఫీసుకు పెద్ద ఉద్యోగంలోకి రమ్మన్నారు, పిల్లల చదువు అని అబద్ధం చెప్పి వద్దన్నాను. నా భార్య, "బీరు కోసరం ఉజ్జోగం ఇడిసేసినోడు ఊర్లో నీవొక్కడే," అంది. ఆమెకు కూడా నిజం చెప్పలేకపోయాను. ప్రతి ఆదివారం పొద్దున ఆ బస్సులో కూర్చుని, దోసకాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, మామను తిట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటూనే దిగి నడిచేవాణ్ణి. ఆ గడియ లోపల నుంచి పడిన చప్పుడు వింటే చాలు, ఆయన పన్నెండేళ్ళుగా ఎలా బతుకుతున్నాడో నా ఒంటికి తెలిసొచ్చేది.

పోయిన మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో జరిగింది చెప్పాలి. మిరపకాయ బాగా దిగే కాలం అది. వారమంతా గోదాములో ఘాటు పీల్చి పీల్చి నా ముక్కు మొద్దుబారిపోయింది. ఆ ఆదివారం రెండు గోధుమ బీర్లు, ఒకటి బెంగళూరుది, ఒకటి బెల్జియంది. లారీ ఆఫీసు అన్న గది మూలన తానే గ్లాసుల్లో వంచి తెచ్చి పెట్టాడు. నాకు రెండింట్లోనూ ఏమీ తగల్లేదు. తగల్లేదని రాయడానికి ధైర్యం లేకపోయింది. నా మాట మీద ఆయన మాట నిలబడాలి కదా. మొదటిది పలచన, వాసన తక్కువ అని రాశాను. రెండోది కమలా తొక్క, ధనియాలు, వెయ్యింతలు మేలు అని రాశాను.

మామ ఆ వేళ నా చీటీ పైకి చదవలేదు. చూసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తన చీటీ విప్పి, "మొదుటిది పలసన. రెండోదాంట్లో కమలా తొక్క, దనియాలు. రెండోదే గెలిచింది," అన్నాడు. లారీ ఆఫీసు అన్న పగలబడి నవ్వాడు. "రెండూ ఒకే సీసా, అన్నా. సుమ్మా తమాషాకి పరీక్ష పెట్టినా," అన్నాడు. పళ్ళ డాక్టరు కూడా ఆపుకోలేకపోయాడు. మామ నవ్వాడు. "వయసు పైబడతా ఉండాది గదా," అన్నాడు. నా వైపు చూడలేదు. నాది అని నేను ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. ఆయన కోసం ఒప్పుకోలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను గానీ, సిగ్గుతోనూ ఒప్పుకోలేదు.

బస్టాండు దాకా నాతో నడిచి వచ్చాడు. బస్సు ఎక్కబోతుంటే జేబులోంచి నా చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. "మిరపకాయ కాలంలో ముక్కుకి లీవు ఇయ్యల్లరా అల్లుడూ," అన్నాడు. అంతే. ఆయన ముక్కు సంగతి నాకు తెలుసని ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ మాట మా ఇద్దరి మధ్యా అంతకన్నా ముందుకు జరగలేదు. మళ్ళీ ఆదివారం నేను పోయాను, ఆయన గడియ వేశాడు.

పదహారో రోజు ముగిశాక అత్త నన్ను పక్కకు పిలిచి పల్లీల డబ్బా ఒకటి ఇచ్చింది. "పెట్టె అడుగున ఉండింది. నీవే సూసుకో. ఆయనకి వాసన తెలియదని నాకి మొదుటి నుంచే తెలుసప్పా. సారులో ఇంగువ మరిసినా అడగలేదు. నేనూ అడగలేదు," అంది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆమె కూడా నాలాగే నోరు మెదపకుండా ఉందని నాకు తట్టనే లేదు.

డబ్బాలో చీటీలు. మావి కావు, ఆయన మాకు చదివి వినిపించిన తన చీటీలు. పెన్సిలు రాత, తమిళ అక్షరాల్లో మా ఇంటి తెలుగు. జ్వరం తర్వాతవి అన్నీ ఒకటే తీరు. చల్లగా ఉండాది. కొంచెం చేదు. ఇంకేమీ తెలీలేదు. కింద ఇంకోటి. చల్లగా ఉండాది. నురగ బాగుండాది. ఇంకేమీ తెలీలేదు. నాలుగేళ్ళ ఆదివారాలు అలాగే ఉన్నాయి. నోటితో మాకు నా మాట చెప్పాడు గానీ, చేత్తో మాత్రం ఒక్క వారం కూడా అబద్ధం రాయలేదు. తన కట్టుబాటు తాను తప్పలేదు.

ఆ మాసి ఆదివారం చీటీ కోసం వెతికాను. పైన రెండు గోధుమ బీర్ల పేర్లు ఉన్నాయి. కింద రాసింది ఇంతే. "రెండూ ఒకటే."

మొన్న ఆదివారం ముగ్గురం ఆ గదిలో కూర్చున్నాం. పళ్ళ డాక్టరు ఒక సీసా తెచ్చాడు గానీ ఎవరూ తెరవలేదు. ముక్కు పోయిన సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు, ఇక్కడ రాశాక ఎలాగూ తెలుస్తుంది. ఆ ఒక్క చీటీ మాత్రం లారీ ఆఫీసు అన్న చేతిలో పెట్టి, "ఆ పొద్దు మామ సదివింది నాది. ఆయన రాసింది ఇది," అన్నాను. ఆయన చదివి డాక్టరుకు ఇచ్చాడు. "అట్టయితే మన అందర్లో ఆయనొకడే సరిగ్గా రాసినాడు," అన్నాడు.

కింద నుంచి పాకం వాసన పైకి వస్తోంది. బెల్లం ఎర్రబడి, మాడడానికి ఇంకాస్తే ఉంది. ఎవరైనా కేకేస్తారని చూశాను. తర్వాత లేచి, గడియ తీసి, తలుపు సందులో నుంచి "దించండి" అన్నాను. కింద గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ వెంటనే బాణలి నేల మీద దిగిన చప్పుడు వినిపించింది.