మూడు రొట్టెల బరువు

మంచం దిగి కాలు నేల మీద పెట్టడానికి రసూల్ బీ ప్రతి ఉదయం కొంత ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చేది. మడమ ఆనగానే తుమ్మముల్లు దిగినట్టు పోటు పుట్టి పిక్క దాకా పాకేది. గోడ పట్టుకొని పది అడుగులు వేస్తే అది కాస్త మెత్తబడేది. మధ్యాహ్నం దాకా ఊరుకొని, సాయంత్రానికి అప్పు వసూలు చేసుకున్నట్టు మళ్ళీ లేచేది. 1949 చలికాలంలో మొదలైన ఈ బాధను ఆమె మొదట చలి మీదికి, తరువాత చెప్పుల మీదికి, చివరికి వయసు మీదికి నెట్టి చూసింది. ఏదీ దాన్ని పుచ్చుకోలేదు.

ఆమె గాజులమ్మ. చిలకలగూడలో ఒంటిగది ఇల్లు. పొద్దున్నే గాజుల వరుసలు గుచ్చిన తాళ్ళను మలారంగా కట్టి భుజాన వేసుకొని, మోండా మార్కెట్ మీదుగా తిరుమలగిరి దాకా రెండు కోసులు నడిచేది. గాజులమ్మకున్న చనువు కొత్వాలుకు కూడా లేదు. హిందువుల ఇల్లయినా, ముసల్మానుల ఇల్లయినా, కిరస్తానీల ఇల్లయినా వసారా దాటి ఆడవాళ్ళు కూర్చునే చోటికి ఆమె నేరుగా వెళ్ళగలదు. అక్కడ ఒక స్త్రీ చేతిని తన ఒళ్ళో పెట్టుకొని, ఎముకలను మెత్తగా నొక్కుతూ గాజు ఎక్కిస్తుంది. చేయి ఇంకొకరి చేతిలో ఉన్నంతసేపు మనిషి అబద్ధం ఆడడం కష్టం. రసూల్ బీకి కావలసింది ఆ కాస్త సమయమే.

"ఏ ఊరి నుంచి వచ్చిన్రమ్మా? బీదరు దిక్కేనా? కళాయి పోసే అల్లాఉద్దీన్ అని, ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటది. ఏడన్న కనవడ్డడా?"

అల్లాఉద్దీన్ ఆమె భర్త. రాగి పాత్రలకు కళాయి వేసుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. ఎప్పుడు వెళ్ళినా ఫలానా రోజు వస్తానని చెప్పే అలవాటు లేదు. "ఏ యాళకొస్తనో తెల్వది. నా రొట్టెలు మూసిపెట్టు," అనేవాడు. అందుకని ఆయన లేని రోజుల్లో కూడా ఆమె మూడు జొన్నరొట్టెలు ఆయన పేర చేసి, గిన్నెలో పప్పుతో పాటు మూసిపెట్టేది. 1948లో రంజాన్ పండుగ అయిన నాలుగో రోజున ఆయన తిత్తి, తగరం భుజాన వేసుకొని బీదరు వైపు వెళ్ళాడు. అదే మాట చెప్పి వెళ్ళాడు. నెల తిరిగేసరికి ఇండియా ఫౌజు నైజాము రాజ్యంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నైజాము జెండా దిగింది. ఆ తరువాత బీదరు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొన్ని సంగతులు చెప్పేవారు. కొన్ని చెప్పబోయి, ఆమె చేతి గాజులు చూసి ఆగిపోయేవారు.

ఆ గాజులు ఆ పండుగకు ఆమె తనే ఎక్కించుకున్న ఆకుపచ్చవి. అప్పుడు మోచేతి దాకా జారి చప్పుడు చేసేవి. ఏడాదిన్నరలో మణికట్టు వాటి చుట్టూ పెరిగి, ఇప్పుడు కండలో దిగబడి మూగవైపోయాయి.

మోండాలో చిన్న గాజుల దుకాణం నడిపే మరిది మౌలా అలీ ఆమె కుంటడం చూసి ఒకనాడు ఊరుకోలేకపోయాడు.

"ఏందీ వదినె, గిట్ల ఎన్ని దినాలు తిరుగుతవ్? దుకాణంల గద్దె మీద కూసొని అమ్ము. నీ చేతికొచ్చే గిరాకి నాకు రాదు. కాళ్ళ తక్లీఫ్ సుత పోతది."

"కాళ్ళది పోతది. ఇండ్లల్ల అడిగేదెవరు? నీ గద్దె లేసి పోయి అడుగుతదా?"

మౌలా అలీ కాసేపు తాళ్ళు సర్దాడు. "ఇంకోటి చెప్తా, కోపం చెయ్యకు. భాయ్ పేరు మీద ఫాతెహా చదివించి నలుగురికి తిండి పెడదాం. ఏడాదిన్నరాయె."

"చదివియ్యి. నేను పోయినంక, నా పేరు మీద," అని ఆమె మలారం ఎత్తుకుంది.

కానీ ఆ వారమే తిరుమలగిరి సగం దారిలో ఆమె ఒక అరుగు మీద కూలబడి, లేవలేక, టాంగాలో ఇల్లు చేరింది. నడక ఆగిపోతుందన్న భయం ఆమెను దవాఖానాకు తోసింది.

అక్కడ నర్సు దేవకృప కోస్తా నుంచి వచ్చిన పిల్ల. మాట మెత్తన, పని చురుకు. ఆనాడు వరుస గేటు దాకా ఉంది. మడమను బొటనవేలితో నొక్కి, రసూల్ బీ అరిచిన చోటును గుర్తుపెట్టుకొని, "ఎముక బాగానే ఉందమ్మా. బరువు తగ్గించాలి. ఇంత బరువు ఈ మడమ మోయలేదు. రెండు నెలలు చూసి మళ్ళీ రండి," అని తరువాతి మనిషిని పిలిచింది.

చెప్పిన మాట వినే మనిషి రసూల్ బీ. మర్నాడే మలారం విప్పి పద్దెనిమిది తాళ్ళలో ఆరు తీసేసింది. నొప్పి తగ్గలేదు. ఇంకో నాలుగు తీసేసింది. నెల గడిచేసరికి నాలుగు తాళ్ళు మిగిలాయి. తిరుమలగిరిలో ఒక పాలవాళ్ళ పెద్దావిడ వాటిని చూసి, "ఏమే రసూల్ బీ, గాజులమ్మ వచ్చినవా, గాజులు అడుక్కోను వచ్చినవా?" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ ఎంచుకోవడానికి గాజులు లేనిచోట చేతులు ఒళ్ళోకి రావు. చేతులు రానిచోట ఆమె ప్రశ్నకు చోటు లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు దేవకృప ఆమెను తూకం యంత్రం మీదికి ఎక్కించింది.

"నూట తొంభై రెండు పౌన్లు. మీ ఎత్తుకు యాభై ఎక్కువ. పోయినసారే చెప్పాను కదమ్మా, బరువు తగ్గించమని!"

"తగ్గించిన గదా బిడ్డా! పద్దెనిమిది తాళ్ళు నాలుగుకు తెచ్చిన. ఇంక తగ్గియ్యాలంటే ఒట్టి చేతులతోని తిరగాలె."

దేవకృప ఒక క్షణం అర్థం కాక చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "మలారం కాదమ్మా. మీరు."

"నేనా?" రసూల్ బీ తన ఒంటిని కొత్త మనిషిని చూసినట్టు చూసుకుంది. "మలారమంటే అరుగు మీద దించుత. నన్ను నేను యాడ దించాలె?"

దేవకృప ఈసారి నవ్వలేదు. ఆమె అరికాలు తడిపించి నేలకు పరిచిన షాబాద్ బండ మీద అడుగు వేయించింది, పక్కనే తానూ వేసింది. నర్సు అడుగు ముద్రలో లోపలివైపు నెలవంకలా ఖాళీ ఉంది. రసూల్ బీది రొట్టెలా నిండుగా పడింది.

"పాదం కింద విల్లులాంటి వంపు ఉంటుందమ్మా. దానికో నారి ఉంటుంది, వేళ్ళ నుంచి మడమ దాకా. ఒంట్లో బరువు పెరిగితే విల్లు అణిగిపోతుంది, నారి సాగుతుంది. నడిచేటప్పుడు ఒక్కో అడుగుకు మీ బరువు కన్నా ఎక్కువే దాని మీద పడుతుంది."

రసూల్ బీ తండ్రి దూదేకులవాడు, విల్లు నారి మీటుతూ దూది ఏకేవాడు. సాగిన నారి ఎక్కడ తెగుతుందో ఆమె చిన్నప్పుడే చూసింది. "ముడి కాడ," అంది.

"అదే, మీ మడమ. సరే, మీరు తినేది చెప్పండి."

"రాత్రికి రెండు రొట్టెలు. పొద్దుగాల మూడు."

"పొద్దున్నే మూడా? ఎందుకమ్మా అన్ని?"

"అవి నావి గావు."

"మరి ఎవరివి?"

"మా ఇంటాయనవి."

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. రోజూ ఆయన పేర రొట్టెలు చేసి మూయడం, తెల్లవారినా ఆయన రాకపోవడం, తిండిని పారవేయలేక ఆమే తినడం. ఎవరికైనా పెట్టవచ్చు కదా అని దేవకృప అడిగింది. రసూల్ బీ తల అడ్డంగా ఊపింది. ఒకరి వంతు తిండి వేరొకరికి పెట్టేది పోయినవాళ్ళ పేరు మీదే అని ఆమె తల్లి చెప్పేది. పెట్టిన రోజున ఆయనను తన చేతులతో తానే పంపేసినట్టు. తను తింటే మాత్రం అది ఇంటి లోపలే ఉంది.

దేవకృప వాదించలేదు. మంచం దిగకముందే కాలివేళ్ళను తనవైపు లాగి పట్టుకోవడం చూపించింది. మడమ కింద మెత్తటిది వేసిన చెప్పులు కుట్టించుకోమంది. గుమ్మం దాకా వచ్చి, "మీరు నడవాలనుకుంటున్నారు కదమ్మా, అందుకే చెప్తున్నాను," అని మాత్రం అంది.

ఆ సాయంత్రం రసూల్ బీ పిండి డబ్బా ముందు చాలాసేపు కూర్చుంది. పల్లెలవాళ్ళు గాజులకు మారుగా ఇచ్చిన జొన్నల పిండి అది, కొరత లేదు. కొరత వేరేచోట ఉంది. ఆయన వస్తాడని రొట్టెలు మూయాలి. ఆయన ఎక్కడున్నాడో తెలియాలంటే నడవాలి. ఏడాదిన్నరగా ఈ రెండూ ఒకే పని అనుకుంది. ఇప్పుడు చూస్తే ఎదురుచూపు తింటున్నకొద్దీ వెతుకులాట కుంటుతోంది. మనిషి తన ప్రేమను రెండు చేతులతో పట్టుకున్నప్పుడు ఒక చేయి ఇంకోదాన్ని ఎంత నొక్కుతున్నదీ తెలియదు. రసూల్ బీకి అది మడమ చెప్పింది.

అప్పుడు యుద్ధకాలపు కరువు ఆమెకు గుర్తొచ్చింది. ఇద్దరికీ కలిపి రెండే రొట్టెలు ఉన్న రోజులు. ఆయన తన మూడు రొట్టెల ఆకలిని పక్కన పెట్టి ఒకే పళ్ళెంలో కూర్చొని, "ఉన్నదాంట్ల చెరి సగం," అనేవాడు. సగం చేసేటప్పుడు పెద్ద ముక్క ఇటు వచ్చేలా తుంచేవాడు. అది ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, ఎన్నడూ ఎవరూ అనలేదు.

ఆమె రెండు రొట్టెలు చేసింది. ఒకటి తిన్నది. రెండోది గిన్నెలో పెట్టి మూసింది.

"నీ వంతు కొట్టెయ్యలే," అంది గిన్నెతో. "చెరి సగం చేసిన. ఇంటికి రా, మూడు గాదు, ముప్పై చేస్త."

ఇందులో గొప్పతనం వెతకనక్కరలేదు, ఆకలి ఆకలే. మొదటి పక్షం రోజులు కడుపు ఆమెను తిట్టింది. మధ్యాహ్నం ఎవరింట్లోనో ఇంత సజ్జగటక పెడితే తిని, చాలనుకొని లేచేది. రెండుసార్లు మాట తప్పి నాలుగు రొట్టెలు చేసుకుంది కూడా. మోండాలో సదాశివ అనే చెప్పులు కుట్టేవాడు పాత కంబళి ముక్కను మడతపెట్టి మడమ కింద కుట్టి ఇచ్చాడు. ఉదయం కాలివేళ్ళను లాగి పట్టుకొని వందదాకా లెక్కపెట్టేది. ముల్లు ఒక్కసారిగా ఊడిపోలేదు. మొన మొద్దుబారింది, రోజుకు కొంత.

ఎండాకాలం ముగిసేనాటికి మలారానికి పన్నెండు తాళ్ళు తిరిగి వచ్చాయి. ఒక ఉదయం తిరుమలగిరి దారిలో దాన్ని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ ఆమె ఆగిపోయింది. ఏదో చప్పుడు. మలారం కాదు, అది గుడ్డలో చుట్టి ఉంది. చేయి మళ్ళీ ఎత్తింది. ఆకుపచ్చ గాజులు మణికట్టు వదిలి ఒకదానికొకటి తగిలి పలికాయి. ఒకప్పుడు ఈ చప్పుడు విని ఆయన తలుపు కొట్టకుండానే, "మెలకువతోనే ఉన్నవా?" అని అడిగేవాడు. ఆమె రోడ్డు మీద ఎవరూ లేకుండా చూసుకొని మూడోసారి చేయి ఊపింది.

పాలవాళ్ళ పక్కింట్లోకి కొత్తగా ఎవరో చుట్టాలు వచ్చారని చెప్పారు. ఆమె వసారా దాటి వెళ్ళి మలారం దించింది. ముప్పై ఏళ్ళామె ఒకతె, సిగ్గుపడుతూ, ఎదురుగా కూర్చుంది. రసూల్ బీ ఆమె చేతిని ఒళ్ళోకి తీసుకొని, ఎముకలను నెమ్మదిగా దగ్గరికి నొక్కింది.

"చెయ్యి వదులుగ పెట్టు బిడ్డా, భయపడకు. ఏ ఊరు మీది?"

"బీదరు అవతల," అంది ఆమె.

మొదటి గాజు వేళ్ళ కణుపుల దగ్గర ఆగింది. రసూల్ బీ దాన్ని తొందరపెట్టలేదు.

"కళాయి పోసే అల్లాఉద్దీన్ అని," అని మొదలుపెట్టింది.